రెండు ఫిల్ములు, ఒకటే కవర్: ఏడేళ్ల బాబు చిన్నమెదడు గడ్డ కేసు

జులై చివరి సోమవారం. సోమవారం ఓపీ అంటే నర్సంపేట, పరకాల, ములుగు, భూపాలపల్లి వైపు నుంచి మొదటి బస్సులకు వచ్చినవాళ్లతో హన్మకొండలో మా బెంచీలు తొమ్మిదింటికే నిండిపోతాయి. ఆ రోజు నర్సంపేట దగ్గరి ఒక పల్లె నుంచి తండ్రి, తల్లి, నాయనమ్మ ఏడేళ్ల బాబును ఎత్తుకొని వచ్చారు. తండ్రి చేతిలో పెద్ద ప్లాస్టిక్ కవర్ ఉంది. పిల్లవాడి స్కానింగే అనుకొని పైనున్న ఫిల్ము తీసి లైట్ బాక్స్‌కు తగిలించాను. చూస్తే అది అరవై దాటిన మనిషి మెదడు. పెద్దమెదడు ముందు భాగంలో కుడి నుంచి ఎడమకు సీతాకోకచిలుక రెక్కల్లా పాకిన గడ్డ. "ఇదెవరిదే తమ్మీ?" అని అడిగాను.

"మా బావది సార్. పోయినేడు పోయిండు. పిలగానిది దాని కింద ఉంది" అన్నాడు.

రెండూ ఎందుకు తెచ్చావని అడగకముందే తనే చెప్పాడు. "రెండిట్ల బ్రెయిన్ ట్యూమర్ అనే రాసిండ్రు. బావకు ఎనిమిది నెలలే టైం దొరికింది. నాలుగు లక్షలు పెట్టినం, మనిషి దక్కలే. సూటిగ చెప్పుండ్రి సార్, వీనికెన్ని నెలలు?"

ఈ కేసు రాస్తున్నది ఆ ప్రశ్న వల్లే. న్యూరోసర్జన్‌గా 14 ఏళ్లుగా ఈ ప్రాంతంలో పని చేస్తున్నాను, ఆ ప్రశ్న నెలకు ఒకసారైనా ఎవరో ఒకరు అడుగుతారు, అడిగే ప్రతి ఒక్కరి మనసులో అంతకుముందు చూసిన ఒక చావు ఉంటుంది. బ్రెయిన్ ట్యూమర్ అనేది ఒక జబ్బు పేరు కాదు, వందకు పైగా వేరువేరు జబ్బులకు కలిపి పెట్టిన పేరు. ఎవరికి ఏది వచ్చిందో తెలియాలంటే చివరికి ముక్క పరీక్ష కావాల్సిందే, కానీ దానికంటే ముందే రెండు సంగతులు చాలా దూరం దారి చూపిస్తాయి: మనిషి వయసెంత, గడ్డ ఎక్కడుంది. ఈ రెండిటినీ విడివిడిగా చూస్తే సగమే తెలుస్తుంది. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను, వాళ్లను గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ముందు బాబు సంగతి. జూన్‌లో బడి తెరిచిన వారానికి వాంతులు మొదలయ్యాయి. పొద్దున లేవగానే తలనొప్పి, ఏమీ తినకముందే ఒక వాంతి, వాంతి అయ్యాక తల తేలికపడి హాయిగా బడికి పోయేవాడు. బడికి పోవడం ఇష్టంలేక చేస్తున్నాడని మొదట కోప్పడ్డారు కూడా. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ మందు ఇచ్చాడు, నులిపురుగుల మందు ఇచ్చాడు. ఇంకోచోట కడుపు స్కానింగ్ తీస్తే నార్మల్ అని వచ్చింది. నాయనమ్మ దిష్టి తీసింది. ఇలా ఆరు వారాలు గడిచాయి. ఎవరినీ తప్పు పట్టాలని చెప్పడం లేదు, పిల్లల్లో వాంతులకు చాలాసార్లు కారణం కడుపులోనే ఉంటుంది. కాకపోతే పొద్దునే రావడం, తిండితో సంబంధం లేకపోవడం, విరేచనాలు లేకపోవడం, వాంతితో తలనొప్పి తగ్గడం, ఈ నాలుగూ ఒకే పిల్లవాడిలో రెండు వారాలు కనిపిస్తే కడుపును వదిలి తల వైపు చూడాలి. రాత్రంతా పడుకొని ఉన్నప్పుడు తల లోపల ఒత్తిడి పెరుగుతుంది, అందుకే తెల్లవారుజామున బయటపడుతుంది.

అసలు సంగతి కనిపెట్టింది నాయనమ్మే. "కల్లు తాగినోని లెక్క నడుస్తుండు సార్, కాళ్లు ఎడంగ పెట్టి" అన్నది. ఆ ఒక్క మాటలో గడ్డ ఎక్కడుందో ఉంది. పరీక్షలో బాబు కూర్చుంటే నడుము ఊగుతోంది, నిలబెడితే కాళ్లు వెడల్పుగా పెడుతున్నాడు, కానీ వేలితో ముక్కు ముట్టుకొమ్మంటే బాగానే ముట్టుకుంటున్నాడు. చిన్నమెదడు పక్క భాగాలు చెడితే చేయి వణుకుతుంది, గురి తప్పుతుంది. నడిమి భాగం, అంటే వర్మిస్ చెడితే చేతులు బాగుంటాయి, మొండెం నిలవదు. ఇతనిది నడిమిది. మెడ ఒక పక్కకు వంచి పట్టుకున్నాడు, రెండు కళ్లూ పూర్తిగా బయటి పక్కకు తిరగడం లేదు, కంటి లోపలి నరం ఉబ్బి ఉంది.

ఇక అతని ఎంఆర్‌ఐ తీసి బావ ఫిల్ము పక్కన తగిలించాను. చిన్నమెదడు నడిమిన, నాలుగో జఠరికను (మెదడులో నీరుండే గదుల్లో అన్నిటికంటే కిందిది) నింపేసి 4.2 సెంటీమీటర్ల గడ్డ. దాని పైన నీటి గదులన్నీ ఉబ్బిపోయి ఉన్నాయి. బావది 5 సెంటీమీటర్లకు కొంచెం పైనే. సైజు చూస్తే ఇద్దరికీ పెద్ద తేడా లేదు, అందుకే ఆ తండ్రికి రెండూ ఒకటే అనిపించాయి. నేను అక్కడే వాళ్లను నిలబెట్టి రెండు ఫిల్ముల మధ్య వేలు పెట్టి చూపించాను.

పుర్రె లోపల రెండు అంతస్తులు ఉంటాయి. మధ్యలో టెంటోరియం అనే గట్టి పొర గుడారంలా కప్పి ఉంటుంది. పైన పెద్దమెదడు, కింద చిన్నమెదడు, మెదడు కాండం. ఏడాది దాటినప్పటి నుంచి పది పన్నెండేళ్ల దాకా పిల్లల్లో వచ్చే మెదడు గడ్డల్లో సగానికి పైగా కింది అంతస్తులోనే వస్తాయి. పెద్దవాళ్లలో తిరగబడుతుంది, చాలా వరకు పై అంతస్తులోనే. ఏడాదిలోపు పసిపిల్లల్లో మళ్లీ పై అంతస్తే ఎక్కువ. ఇదేదో యాదృచ్ఛికం కాదు. బిడ్డ పుట్టేనాటికి పెద్దమెదడు కణాలు చాలావరకు తయారై ఉంటాయి, చిన్నమెదడు మాత్రం పుట్టాక కూడా నెలల తరబడి కొత్త కణాలను చేస్తూనే ఉంటుంది. అలా చకచకా విభజన జరిగే చోట ఎప్పుడో ఒక కణం ఆగాల్సిన దగ్గర ఆగదు, కొన్ని రకాల మెడుల్లోబ్లాస్టోమా (చిన్నమెదడులో వచ్చే పిల్లల కేన్సర్) అట్లా పుడుతుంది. అరవై ఏళ్ల మనిషికి వచ్చే, వేగంగా పాకే గ్లియోబ్లాస్టోమా అనే కేన్సర్ కథ వేరు, అది ఏళ్లకేళ్లుగా పేరుకున్న జన్యుమార్పుల జబ్బు. అంటే వయసు, చోటు కలిసి ఏ కణం దారి తప్పిందో ముందే ఒక అంచనా ఇస్తాయి.

చోటుకు ఇంకో లెక్క కూడా ఉంది. కింది గది ఇరుకు. వెన్నుమెదడు వైపు పోయే నీటికి ఉన్న సన్నటి దారి అక్కడే ఉంది. మూడు సెంటీమీటర్ల గడ్డ వస్తే చాలు, దారి మూసుకొని నీరు నిలుస్తుంది, వాంతులు మొదలవుతాయి. పై గది విశాలం, పైగా అరవై దాటాక మెదడు కొంచెం కుంచించుకుపోయి ఖాళీ ఎక్కువవుతుంది. బావ సంగతి అడిగితే తండ్రి చెప్పింది అదే: వాంతి లేదు, తలనొప్పి లేదు, నాలుగు నెలలు అరుగు మీద ఊరికే కూర్చున్నాడు, పలకరిస్తే పలకడు, పొలం సంగతి పట్టదు, ఒకరోజు ఇంట్లోనే మూత్రం పోసుకున్నాడు. వయసు మీద పడిందనుకున్నారు, ఎవరో చేతబడి అన్నారు. మెదడు ముందు భాగం చెడితే మనిషికి నొప్పి రాదు, మనిషితనం తగ్గుతుంది. వయసును నిందిస్తూ కూర్చునేలోపు గడ్డ అవతలి పక్కకు దాటింది.

బావది పెద్దమెదడు రెండు సగాలను కలిపే వంతెన, అంటే కార్పస్ కలోసమ్ దాటి రెండు పక్కలా పాకిన గ్లియోబ్లాస్టోమా. అలాంటిదాన్ని కోసి తీయలేం, తీస్తే మనిషి మిగలడు. ముక్క పరీక్ష, రేడియేషన్, మాత్రలు, అంతే. ఈ జబ్బులో ఆపరేషన్ తర్వాత రేడియేషన్‌కు టెమోజోలమైడ్ మాత్రలు కలిపితే మధ్యస్థ ఆయుష్షు (సగం మంది దాటి బతికే కాలం) 12.1 నెలల నుంచి 14.6 నెలలకు పెరిగిందని 2005లో వచ్చిన పెద్ద పరిశోధనలో తేలింది, రెండేళ్లు బతికినవాళ్లు వందకు 10 నుంచి 26కు పెరిగారు. దాంట్లో చేర్చుకున్నది 70 ఏళ్లలోపు వాళ్లనే. 65 దాటినవాళ్ల మీద 2017లో వచ్చిన పరిశోధనలో, మూడు వారాల పొట్టి రేడియేషన్‌కు మాత్రలు కలిపితే 9.3 నెలలు, కలపకపోతే 7.6. ఒకే జబ్బుకు వయసు పెరిగేకొద్దీ ఆయుష్షు ఎలా కుదించుకుపోతుందో చూడండి. మెదడు నడిబొడ్డున ఉండి తీయడానికి వీల్లేకపోతే ఇంకా తక్కువ. బావకు దొరికిన ఎనిమిది నెలల్లో వైద్యం తప్పేమీ నాకు కనిపించలేదు, ఆ మాట ఆ తండ్రికి చెప్పాను, ఎందుకంటే ఆయన ఏడాదిగా "ఇంకో ఆసుపత్రికి తీసుకపోతే బతికేటోడేమో" అని మోస్తున్నాడు.

మరో ప్రశ్న కూడా అడగాల్సి వచ్చింది. బావ అంటే మేనత్త భర్త, బాబుకు రక్తసంబంధమా, మేనరికమా అని. కాదన్నారు. ఒకే రక్తంలో చిన్న వయసులో కేన్సర్లు వరసగా వస్తే వంశంలో నడిచే జన్యులోపం గురించి ఆలోచించాలి, ఇక్కడ ఆ అవసరం లేకపోయింది.

ఏడేళ్లు, చిన్నమెదడు నడిమిన. ఈ రెండు మాటలకు నా మనసులో వచ్చే పేర్లు మూడు. మెడుల్లోబ్లాస్టోమా, పిల్లల్లో వచ్చే మెదడు కేన్సర్లలో ఇదే ఎక్కువ. పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా, ఇది కేన్సర్ లెక్క ముదిరేది కాదు, చాలాసార్లు నీటితిత్తికి అంచున చిన్న బుడిపెలా కనిపిస్తుంది, మొత్తం తీసేస్తే పదేళ్ల తర్వాత కూడా వందలో తొంభై మందికి పైగా బతికే ఉంటారు. మూడోది ఎపెండిమోమా, ఇది నాలుగో జఠరిక కన్నాల గుండా పేస్టులా బయటికి పాకుతుంది. బాబుది నీటితిత్తి లేని గట్టి గడ్డ, సీటీలో తెల్లగా కనిపించింది, డిఫ్యూజన్ ఎంఆర్‌ఐలో మెరిసింది, అంటే లోపల కణాలు ఇరుకిరుగ్గా ఉన్నాయి. మెడుల్లోబ్లాస్టోమా కావచ్చని రాసుకొని వెన్నెముక మొత్తం ఎంఆర్‌ఐ తీయించాను, ఇది నీటిలో రాలి కిందికి జారే రకం. వెన్ను శుభ్రంగా ఉంది. ఇక్కడ జూనియర్ డాక్టర్లకు ఒక మాట: ఇలాంటి పిల్లవాడికి జ్వరం, మెడ పట్టేసినట్టు ఉందని మెదడువాపు అనుకొని నడుము దగ్గర నీరు తీయొద్దు. కింద ఒత్తిడి తగ్గగానే చిన్నమెదడు కిందికి జారి ఊపిరి ఆగిపోతుంది. ముందు స్కాన్.

నాయనమ్మ భయం వేరే. "కత్తి పెడితే గడ్డ పాకుతదంటరు కద సార్?" నేను చెప్పింది, "అవ్వా, మీ అల్లునిది పాకే జాతి, కత్తి పెట్టకున్నా పాకింది. వీనిది వేరే. చేనులో బండరాయి ఉంటే పెకిలించి గట్టు మీద వేయొచ్చు కదా, చేను మిగులుతది. ఇది కొంచెం అంటుకొని ఉన్న బండ. తీశాక కరెంట్ పెట్టాలి, మందులెక్కించాలి, ఏడాది పైనే పడతది. కానీ ఇలాంటి పిల్లలు వందమంది ఉంటే ఎనభై మంది దాకా ఐదేళ్లు దాటి బతుకుతున్నారు." తండ్రి ఆ లెక్కను రెండుసార్లు చెప్పించుకున్నాడు. మూడోసారి తనే చెప్పి సరేనా అన్నట్టు చూశాడు. గ్యారంటీ ఇచ్చానని అనుకుంటాడేమోనని, మిగతా ఇరవై మంది సంగతి కూడా చెప్పాను. సాయంత్రానికి ఒప్పుకున్నారు. ఆరోగ్యశ్రీలో పెట్టాం.

వాపు తగ్గించే డెక్సామెథసోన్ మీద రెండు రోజులు ఉంచి బుధవారం పొద్దున ఆపరేషన్. మొదట పై గదుల్లోంచి నీరు బయటికి పోయే గొట్టం వేశాం. బోర్లా పడుకోబెట్టి మెడ వెనక నుంచి తెరిచాం. వర్మిస్‌ను చీల్చకుండా చిన్నమెదడు టాన్సిల్స్‌ను (గొంతులోవి కావు, పేరు అదే) రెండు పక్కలా ఎత్తి నాలుగో జఠరికలోకి వెళ్లాం. గడ్డ మెత్తగా, ఎర్రటి బూడిద రంగులో ఉంది, క్యూసాతో (గడ్డను నలగ్గొట్టి పీల్చే యంత్రం) చాలావరకు సులువుగానే వచ్చింది. చివర్లో జఠరిక అడుగున ఒకచోట అంటుకొని ఉంది. ఆ అడుగు అంటే మెదడు కాండం వీపు. కళ్లు తిప్పే, ముఖం కదిలించే, మింగించే కేంద్రాలన్నీ ఆ గోరంత చోట ఉంటాయి. అక్కడ ముట్టుకోగానే మత్తు డాక్టర్ "గుండె వేగం పడిపోతుంది" అన్నారు. ఆగాను. మళ్లీ ముట్టుకుంటే మళ్లీ పడింది. పలచటి పొరంత అక్కడే వదిలేసి బయటికొచ్చాను. 48 గంటల్లోపు తీసిన ఎంఆర్‌ఐలో మిగిలింది 0.6 చదరపు సెంటీమీటర్. 1.5 లోపు ఉంటే ముప్పు పెద్దగా పెరగదు. దాని కోసం ఇంకా తవ్వి పిల్లవాణ్ని జన్మంతా గొట్టంతో అన్నం తినేలా చేయడంలో అర్థం లేదని నా నమ్మకం, ఇప్పటికీ అదే అంటాను.

మొదటి రోజు బాబు అమ్మను పిలిచాడు, మంచినీళ్లు అడిగాడు. రెండో రోజు సాయంత్రం నుంచి మాట ఆగిపోయింది.

కళ్లు తెరిచే ఉన్నాడు, ఏడుస్తున్నాడు, సన్నగా మూలుగుతున్నాడు, ఒక్క మాట లేదు. తలపైకెత్తలేడు. తల్లి మంచం పక్కన నేల మీద కూర్చొని నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. "మంచిగ మాట్లాడిండు సార్, మీరే చూసిండ్రు కద" అన్నది. దీన్ని సెరిబెల్లార్ మ్యూటిజం అంటారు. నడిమి గడ్డలు తీసిన పిల్లల్లో నలుగురిలో ఒకరి దాకా వస్తుంది, మెడుల్లోబ్లాస్టోమాలో మరీ ఎక్కువ, పెద్దవాళ్లలో చాలా అరుదు. ఇదీ వయసు, చోటు కలిసి చేసే పనే: చిన్నమెదడు నుంచి పెద్దమెదడుకు పోయే తీగలు ఆ నడిమి గోడల్లోంచే వెళతాయి, ఎదిగే వయసులో మాట వాటి మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు సంతకాల దగ్గర ఒక్క వాక్యంలో చెప్పాను, కానీ ఆ టెన్షన్‌లో ఆ వాక్యం వాళ్ల చెవికెక్కలేదు. అది నా తప్పే. అప్పటి నుంచి దీని గురించి ముందురోజు విడిగా కూర్చోబెట్టి, ఎన్ని వారాలైనా పట్టొచ్చని, తిరిగి వస్తుందని, కానీ మునుపటంత స్పష్టంగా రాకపోవచ్చని చెబుతున్నాను.

ఆరో రోజు గొట్టం తీసేశాం, నీరు తనంత తాను పోతోంది, షంట్ (నీటిని కడుపులోకి మళ్లించే శాశ్వత గొట్టం) అవసరం పడలేదు. ముక్క పరీక్షలో క్లాసిక్ మెడుల్లోబ్లాస్టోమా, అందులోని జన్యు రకాల్లో డబ్ల్యూఎన్‌టీ కాదు, ఎస్‌హెచ్‌హెచ్ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణలో ఈ జబ్బును జన్యువుల లెక్కన విడదీశారు, అన్నిటికంటే మంచిది డబ్ల్యూఎన్‌టీ, అందులో వందకు తొంభై పైనే బతుకుతారు. మనకు ఆ అదృష్టం లేదు, అలాగని అన్నిటికంటే చెడ్డదీ కాదు. మూడేళ్లు దాటిన వయసు, మిగులు 1.5 లోపు, వెన్ను శుభ్రం, రెండు వారాలు దాటాక తీసిన వెన్నునీటిలో కణాలు లేవు. సగటు ముప్పు అని రాశాం.

మూడేళ్లలోపు వయసు అయి ఉంటే ఇదే గడ్డకు లెక్క మారేది. అంత పసి మెదడుకు తల, వెన్ను మొత్తం రేడియేషన్ ఇస్తే బుద్ధి ఎదగదు, అందుకే ఆ వయసులో వీలైనంత వరకు రేడియేషన్ లేకుండా కీమోతో నడపాలని చూస్తారు, దాంతో చాలా రకాల్లో బతికే అవకాశం తగ్గుతుంది. వయసు అంటే జబ్బు స్వభావం ఒక్కటే కాదు, ఆ ఒంటికి ఎంత వైద్యం ఇవ్వగలం అనేది కూడా.

ముప్పై నాలుగో రోజున హైదరాబాద్‌లో రేడియేషన్ మొదలైంది. తల, వెన్ను మొత్తానికి 23.4 గ్రే, గడ్డ ఉన్న చోటికి పెంచుతూ 54 గ్రే దాకా, మొత్తం 30 రోజులు. తండ్రి మిరప నాట్లు వదిలేసి అద్దెగదిలో ఉన్నాడు. రేడియేషన్ మొదలైన నాలుగో రోజు బాబు "నీళ్లు" అన్నాడు. తండ్రి ఫోన్ చేసి ఆ ఒక్క మాట నాకు వినిపించాలని చాలాసేపు ప్రయత్నించాడు, బాబు మళ్లీ అనలేదు, నేను లైన్‌లోనే ఉన్నాను. తర్వాత ఏడాది పాటు కీమో: సిస్‌ప్లాటిన్, లోముస్టిన్, విన్‌క్రిస్టిన్. వాంతులు, రక్తకణాలు పడిపోవడం, రెండుసార్లు జ్వరంతో అడ్మిషన్.

ఈ కథ ఇక్కడితో ముగిస్తే పిల్లల గడ్డలన్నీ నయమయ్యేవే అనుకుంటారు. కాదు. బాబు రెండో కీమోకు వచ్చిన రోజే ములుగు వైపు నుంచి ఆరేళ్ల పాపను తీసుకొచ్చారు. మూడు వారాల నుంచి ఒక కన్ను లోపలికి మళ్లింది, మూతి వంకర, నడకలో తూలు. ఎంఆర్‌ఐలో పాన్స్ (మెదడు కాండం నడిమి భాగం) మొత్తం ఉబ్బిపోయి ముందున్న రక్తనాళాన్ని చుట్టేసింది. బాబు గడ్డ ఉన్న చోటికి, పాప గడ్డ ఉన్న చోటికి మధ్య దూరం ఒక వేలు మందం. వయసు దాదాపు ఒకటే. అంతస్తు కూడా అదే. కానీ అది డీఐపీజీ, పాన్స్ లోపలే కలిసిపోయి పాకే గడ్డ. మధ్యస్థ ఆయుష్షు 9 నుంచి 12 నెలలు, రెండేళ్లు దాటేవాళ్లు వందలో పదిమంది కూడా ఉండరు. 2012లో దీని వెనకున్న హెచ్3 కే27ఎం జన్యుమార్పు బయటపడింది, దాంతో జబ్బు అర్థమైంది, ఆయుష్షు మాత్రం పెద్దగా పెరగలేదు.

పాప తల్లి ఓపీలో బాబు తల వెనక కుట్ల గీత చూసింది. "ఆ బాబుకు తీసిండ్రు కద, మా బిడ్డకెందుకు తియ్యరు సార్? పైసల గురించా?" అన్నది. నా ఉద్యోగంలో అంత కష్టమైన జవాబు ఇంకోటి లేదు. బండరాయి పోలిక ఇక్కడ పనికిరాదు. మజ్జిగలో కలిసిన ఉప్పును ఏ చేత్తో తీస్తాం? ఆ గడ్డ కణాలు ఊపిరి తీయించే, మింగించే, కాళ్లు చేతులు కదిలించే తీగల మధ్య ఒక్కొక్కటిగా కలిసిపోయి ఉంటాయి. అదే మాట ఆమెకు చెప్పాను, పైసలకు సంబంధం లేదని మూడుసార్లు చెప్పాను, కత్తి పెడితే రేపే పోతుంది, పెట్టకపోతే కొన్ని నెలలు మీతో ఆడుకుంటుంది అని చెప్పాను. 30 రోజుల రేడియేషన్ తర్వాత కన్ను సర్దుకుంది, నవ్వింది, ఆడుకుంది. ఐదో నెలలో మళ్లీ మొదలైంది. పదో నెలలో పోయింది. ఆఖరి రెండు నెలలు స్టెరాయిడ్, నొప్పి మందు, మింగుడు సమస్యకు ఏం చేయాలో ఫోన్‌లో చెబుతూ ఇంట్లోనే ఉంచాం. ఆ నిర్ణయం ఆ తల్లిదే, సరైన నిర్ణయం.

కాబట్టి చోటు అంటే నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. అక్కడ ఏ జాతి కణం గడ్డ కడుతుంది? అక్కడి నుంచి నేను ఎంత తీయగలను? పక్కన ఏముంది? ఎంతకాలం బతుకుతారనేది చాలావరకు ఈ మూడింటిలోంచే వస్తుంది, చోటుకు దానంతట అదిగా ఏ మహిమా లేదు. ఉదాహరణకు పెద్దవాళ్ల గ్లియోమాల్లో (మెదడు ఆసరా కణాల నుంచి పుట్టే గడ్డలు) ముందు భాగంలో ఉన్నవి మేలు అంటారు. నిజమే, కానీ ఎందుకు? ఒకటి, అక్కడ ఎక్కువ తీయొచ్చు. రెండు, 30, 40 ఏళ్ల వయసులో ఐడీహెచ్ అనే జన్యువులో మార్పుతో వచ్చే నెమ్మది రకాలు ముందు భాగాన్నే ఎక్కువగా పట్టుకుంటాయి. భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడొకరు, 36 ఏళ్లు, నైట్ షిఫ్ట్‌లో జీవితంలో మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. ఎడమ ముందు భాగం, మాటకు దగ్గర. మెలకువగా ఉంచి, మాట్లాడిస్తూ తీశాం, ఆలిగోడెండ్రోగ్లియోమా, ఆ నెమ్మది రకాల్లో ఒకటి. నాలుగేళ్లు దాటింది, గని లోపలికి పంపకుండా పైన పని ఇచ్చారు, ఉద్యోగం చేస్తూనే ఉన్నాడు. ఈ రకంలో పదేళ్లు దాటి బతకడం మామూలే. బావది కూడా ముందు భాగమే. ఒకటే చోటు, ఇద్దరి మధ్య 27 ఏళ్ల తేడా, రెండు వేరే జబ్బులు.

అలాగే చిన్నమెదడులో గడ్డ 58 ఏళ్ల ఆమెకు వస్తే నేను మెడుల్లోబ్లాస్టోమా అనుకోను, ముందు ఛాతీ సీటీ తీయిస్తాను, రొమ్ము పరీక్ష చేయిస్తాను. పెద్దవాళ్లలో అక్కడ కనిపించే గడ్డ చాలాసార్లు ఊపిరితిత్తి నుంచో రొమ్ము నుంచో వచ్చినది. మన ప్రాంతంలో ఇంకో చిక్కు టీబీ గడ్డ. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఫిట్స్ వచ్చి చిన్న రింగు మచ్చ ఉంటే టీబీ, లేదా బద్దెపురుగు తిత్తి అని మొదట ఆలోచించడం సరైందే. అరవై దాటిన మనిషికి మందపాటి, ఎగుడుదిగుడు రింగు ఉంటే మాత్రం, రెండు నెలలు టీబీ మందు వాడి చూద్దాం అనడం వల్ల పోయేది ఆయనకున్న కొద్ది నెలల్లోంచే.

బాబు ఈ నవంబర్‌లో వచ్చాడు. ఆపరేషన్ అయి మూడేళ్ల నాలుగు నెలలు. ఎంఆర్‌ఐలో ఏమీ లేదు, మిగిలిన పొర కూడా కనిపించడం లేదు. ఈ జబ్బు తిరగబెడితే మొదటి రెండు మూడేళ్లలోనే ఎక్కువగా తిరగబెడుతుంది, ఇతని రకంలో ఆలస్యంగా రావడం కూడా ఉంది, అందుకే నయమైపోయింది అనే మాట నేనింకా అనలేదు. ఒక ఏడాది చదువు పోయింది, ఇప్పుడు నాలుగో తరగతి. మాట కొంచెం సాగదీస్తాడు. లెక్కలు వస్తాయి, కానీ టైం పడుతుంది, బడిలో టీచరమ్మకు కాగితం రాసిచ్చాను, పరీక్షలో అరగంట ఎక్కువ ఇవ్వమని. సిస్‌ప్లాటిన్ వల్ల సన్నటి శబ్దాలు వినపడటం తగ్గింది, మొదటి బెంచీలో కూర్చోబెట్టమన్నాను. థైరాయిడ్ పరీక్షలో తగ్గినట్టు వచ్చింది, మాత్ర మొదలుపెట్టాం.

నాయనమ్మ గోడకు ఆనించి నిలబెట్టి తన చేత్తో కొలిచి, "తోటి పిలగాండ్ల కంటె జానెడు తక్కువున్నడు సార్, ఎదుగుతడా?" అని అడిగింది. వెన్నుకు రేడియేషన్ పడ్డది కాబట్టి మొండెం కొంత పొట్టిగానే ఉంటుంది, మిగతాది గ్రోత్ హార్మోన్ లోపమా కాదా చూడాలి, గడ్డ లేకుండా ఇన్నాళ్లు గడిచింది కాబట్టి ఆ ఇంజెక్షన్ గురించి ఇప్పుడు మాట్లాడొచ్చు అని చెప్పాను. హార్మోన్ల డాక్టర్‌కు చీటీ రాసిచ్చాను, డిసెంబర్ రెండో వారం. తండ్రి కవర్‌లో ఈసారి బాబు ఫిల్ములే ఉన్నాయి.